మంచాన పడితేనే బీమా

నా ఉద్యోగం ఏంటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. "కంప్యూటర్లో అమెరికా వాళ్ళకి ఏదో చేస్తాడు" అని మా అమ్మ చుట్టాలకి చెబుతూంటుంది. పూర్తిగా తప్పేం కాదు లెండి. అత్తాపూర్‌లో ఇంట్లో కూర్చుని నేను చేసేది అమెరికా మందుల బీమా క్లెయిముల సాఫ్ట్‌వేర్ పని. అక్కడ ఎవరైనా మందుల షాపుకెళ్ళి చీటీ ఇస్తే, షాపు కంప్యూటర్ నుంచి బీమా తరఫు సర్వరుకి ఒక సందేశం వెళ్తుంది. కొన్ని సెకన్లలో జవాబు తిరిగి వెళ్ళాలి. ఇవ్వచ్చు, ఇంత మేం కడతాం, మిగతాది పేషెంటు కట్టాలి అని. లేదా, కుదరదు అని.

ఆ "కుదరదు"కి అంకెలుంటాయి. 70 అంటే ఈ మందు మీ పాలసీలో లేదు. 75 అంటే డాక్టరు ముందుగా అనుమతి తీసుకోవాలి. 608 అంటే ముందు వేరే మందు వాడి చూడండి, అది పనిచెయ్యకపోతే అప్పుడు రండి. ఈ చివరిదాన్ని స్టెప్ థెరపీ అంటారు. మెట్ల వైద్యం అనుకోండి, ఒక్కో మెట్టే ఎక్కాలి.

ఈ మెట్లు తరచుగా కనబడే చోట్లలో ఏడీహెచ్‌డీ మందులు ఒకటి. నిలకడగా కూర్చోలేకపోవడం, మొదలెట్టిన పని మీద మనసు నిలవకపోవడం, ఆలోచించకుండా చటుక్కున ఏదో ఒకటి చేసెయ్యడం లాంటివి చదువునీ రోజువారీ బతుకునీ దెబ్బతీసేంతగా ఉంటే డాక్టర్లు పెట్టే పేరు అది. దానికి వాడే మందుల్లో రెండు రకాలు. స్టిమ్యులెంట్లు ఒకటి, స్టిమ్యులెంట్ కానివి రెండోది. రెండో రకంలో అందరికన్నా పెద్దన్న అటామోక్సెటీన్. దీనికి అమెరికా పాలసీల్లో 75, 608 తగలడం మామూలే.

మా అక్క కొడుకు రోజూ పొద్దున్న టిఫినయ్యాక వేసుకునేది సరిగ్గా అదే మందు. మా వైపు పీవీ ఎక్స్‌ప్రెస్ వే పిల్లర్ నంబర్లే అడ్రసులు కదా, అలాంటి ఒక పిల్లర్ ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో కొంటాం. అక్కడ 75 లేదు, 608 లేదు. చీటీ చూపించి డబ్బులిస్తే మందు చేతిలో పెడతారు. బీమా అన్న మాటే రాదు. మా అక్క ఒకసారి అడిగింది, "ఏరా, నువ్వు పనిచేసేది ఇన్సూరెన్సులోనే కదా, మీ బావకి కంపెనీ పాలసీ ఉంది కదా, వీడి మందులకి ఎందుకు రాదు?" అని.

ఒక్క ముక్కలో చెప్పే జవాబు "ఓపీకి రాదక్కా". కానీ అది జవాబు కాదు. ఎందుకు రాదు అన్నదానికి జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. ఆ చరిత్రే ఈ టపా. ముందే ఒక మాట: నేను డాక్టర్ని కాదు. ఎవరు ఏ మందు వాడాలో చెప్పడం నా పని కాదు. మందు ఎవరి చేతికి ఎలా వస్తోంది, ఎందుకు రావట్లేదు అన్నంతవరకే నా గోల.

మొదటి మెట్టు, రెండో మెట్టు

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, తన ఆస్పత్రిలో ఉన్న పిల్లలకి బెంజడ్రీన్ ఇచ్చి చూసి, కొందరు పిల్లలు కుదురుగా చదువుకోవడం గమనించి రాశాడు. బెంజడ్రీన్ అంటే యాంఫెటమీన్. ఉత్సాహం తెప్పించే మందు ఇస్తే అల్లరి పిల్లలు నెమ్మదించడం అప్పట్లో వింతే. 1944లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్ ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదే దానికి రిటాలిన్ అని పెట్టారు. 1950ల మధ్యకల్లా అది బజార్లో ఉంది.

జబ్బుకి ఇప్పుడున్న పేరు వీటన్నిటికన్నా చిన్నది. అమెరికన్ సైకియాట్రీ వాళ్ళ పుస్తకంలో 1980లో ఏడీడీ అన్నారు, 1987లో ఏడీహెచ్‌డీ అన్నారు. అంటే మందు పుట్టి యాభై ఏళ్ళయ్యాక జబ్బుకి పేరు కుదిరిందన్నమాట :)

స్టిమ్యులెంట్లతో వచ్చే చిక్కు తెలిసిందే. సరిగా వాడితే మందు, దారి తప్పితే మత్తు. 1971లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ ఒప్పందంతో ఇవి కాపలా ఉండాల్సిన మందుల పట్టికలోకెక్కాయి. అంచేత, మత్తు గొడవ లేని మందు ఒకటి ఉంటే బావుణ్ణని డాక్టర్లూ కంపెనీలూ వెతుకుతూనే ఉన్నారు.

దొరికిన మందు కొత్తదేం కాదు. ఎలై లిల్లీ కంపెనీ 1970ల్లో డిప్రెషన్‌కి మందులు వెతుకుతూ, ప్రోజాక్ పుట్టిన కుటుంబంలోంచే తయారుచేసిన అణువు అది. డిప్రెషన్‌కి అది బజారుదాకా రాలేదు. ఏళ్ళ తరవాత ఏడీహెచ్‌డీకి పనికొస్తుందని తేలింది. మొదటి పేరు టోమోక్సెటీన్. రొమ్ము కేన్సర్‌కి వాడే టామోక్సిఫెన్‌తో కలగాపులగం అవుతుందని అటామోక్సెటీన్ అని మార్చారు. 2002 నవంబరులో అమెరికా ఎఫ్‌డీయే అనుమతి ఇచ్చింది. ఏడీహెచ్‌డీకి అనుమతి వచ్చిన మొదటి నాన్-స్టిమ్యులెంట్ ఇదే. స్ట్రాటెరా పేరుతో అమ్మారు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఇది స్టిమ్యులెంట్ లాగా వేసుకున్న రోజే పనిచెయ్యదు, వారాలు పడుతుంది. సగటున చూస్తే స్టిమ్యులెంట్ల ప్రభావమే ఎక్కువ. 2005 సెప్టెంబరులో ఎఫ్‌డీయే దీని మీద పెద్ద హెచ్చరిక కూడా పెట్టించింది, కొందరు పిల్లల్లో చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చు, కనిపెట్టుకుని ఉండండి అని. బ్రిటన్ వాళ్ళ మార్గదర్శకాల్లో కూడా పిల్లలకి మొదటి మందు మిథైల్‌ఫెనిడేటే. కాబట్టి "ముందు అది, తరవాత ఇది" అనే వరుసకి వైద్యంలో ఆధారం లేకపోలేదు. కానీ ఆ వరుస అందరికీ సరిపోదు. ఈడ్పులు ఉన్నవాళ్ళు, ఆందోళన ఎక్కువున్నవాళ్ళు, ఇంట్లో మత్తు అలవాటున్నవాళ్ళు, స్టిమ్యులెంట్ పడనివాళ్ళు.. వీళ్ళకి డాక్టరు మొదటే రెండోది రాయచ్చు. మా వాడికి కనురెప్పలు కొట్టుకోవడం, భుజం ఎగరెయ్యడం ఉండేవి. అందుకే డాక్టరు గారు ఇది రాశారు.

అమెరికాలో: బీమా ఉంది, అడ్డం కూడా ఉంది

అక్కడ మందు పాలసీలో ఉంటుంది. మరి మెట్లు ఎందుకొచ్చాయి? సగం వైద్యం, సగం డబ్బు. మామూలు రిటాలిన్ మాత్రకి పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. స్ట్రాటెరా ఒకే కంపెనీది, ఖరీదైంది. డబ్బు కట్టేవాడు చవకది ముందు వాడమంటాడు. అది బీమా కంపెనీ బుద్ధి, మనింట్లో అయినా అంతే చేస్తాం.

ఆ ఖరీదు వెనక ఉన్న పేటెంటు కథ నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. అణువు 1970ల నాటిది కదా, దాని పేటెంటు మందు బజారుకొచ్చేసరికే పాతబడింది. లిల్లీ దగ్గరున్న అసలు ఆయుధం వేరే పేటెంటు. ఈ అణువుని ఏడీహెచ్‌డీకి వాడటం అనే పద్ధతి మీద 1995లో దరఖాస్తు చేసి తీసుకున్నది. అంటే వస్తువు మీద కాదు, ఆ వస్తువు వాడకం మీద హక్కు. జెనరిక్ కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 2010లో న్యూజెర్సీ కోర్టు ఆ పేటెంటు చెల్లదంది. 2011లో పై కోర్టు చెల్లుతుందంది. అలా 2017 మే దాకా నెగ్గుకొచ్చారు.

కెనడాలో మాత్రం 2010లో కోర్టు కొట్టేసింది. లిల్లీ ఊరుకోలేదు. ఈ మందూ, ఒలాంజపీన్ అనే ఇంకో మందూ కలిపి, కెనడా ప్రభుత్వం మీదే నాఫ్టా ఒప్పందం కింద 50 కోట్ల కెనడా డాలర్లకి దావా వేసింది. 2017 మార్చిలో ఓడిపోయింది.

ఆ రెండు నెలలకే, 2017 మే 30న, అమెరికా ఎఫ్‌డీయే అటామోక్సెటీన్ జెనరిక్‌లకి అనుమతులిచ్చింది. నాలుగు కంపెనీలు: అపోటెక్స్, టేవా, గ్లెన్‌మార్క్, అరబిందో. చివరిది మన హైదరాబాదుదే. అంతకుముందు 2001 ఆగస్టులో ఇదే లిల్లీ వాళ్ళ ప్రోజాక్‌కి అమెరికాలో 40 మిల్లీగ్రాముల జెనరిక్ తెచ్చి, ఆరు నెలల ప్రత్యేక హక్కు సంపాదించిన డాక్టర్ రెడ్డీస్ కూడా మనూరిదే. లిల్లీకి మనూరు బాగా గుర్తుండే ఉంటుంది.

ఇంకో పక్క చట్టాల కథ. అమెరికాలో మానసిక వైద్యానికి బీమా చాలా కాలం సవతి బిడ్డే. పాల్ వెల్‌స్టన్, పీట్ డొమినీచి అనే ఇద్దరు సెనేటర్లు, చెరో పార్టీ వాళ్ళు, దీని మీద పోరాడారు. ఒకాయన అన్న, ఇంకొకాయన కూతురు మానసిక వ్యాధితో బాధపడ్డవాళ్ళు. 1996లో మొదటి సమానత్వ చట్టం వచ్చింది. అందులో సమానం చేసింది ఏడాదికి, జీవితకాలానికి ఇన్ని డాలర్లన్న పరిమితులని మాత్రమే. బీమా కంపెనీలు డాలర్లు వదిలేసి రోజులు లెక్కపెట్టడం మొదలెట్టాయి. ఏడాదికి ఇన్నిసార్లే డాక్టరు దగ్గరికెళ్ళాలి, ఇన్ని రోజులే ఆస్పత్రిలో ఉండాలి అని. 2008లో వాళ్ళిద్దరి పేర్ల మీదే వచ్చిన రెండో చట్టం ఆ దారి కూడా మూసింది. ఆ తరవాత 2010, 2013ల్లో వచ్చిన నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. అంకెల్లో కనబడని అడ్డంకులు, అంటే ముందస్తు అనుమతి, మెట్ల వైద్యం, మందుల జాబితా తయారుచేసే పద్ధతి, ఇవి కూడా శరీర వ్యాధులకన్నా మానసిక వ్యాధులకి ఎక్కువ కఠినంగా ఉండకూడదన్నాయి.

అంటే నా 75కీ, 608కీ చట్టంలో ఒక పేరుంది, ప్రశ్నించే దారుంది, డాక్టరు మినహాయింపు అడగచ్చు. అది సులువని చెప్పను. ఫారాలు, ఫాక్సులు (అవును, ఇంకా ఫాక్సులే), ఎదురుచూపులు. ఈలోగా పిల్లవాడి బడి ఆగదు. 2022 అక్టోబరులో యాడరాల్ కొరత ఉందని ఎఫ్‌డీయే ప్రకటించిన రోజులు ఒకసారి ఊహించుకోండి. మొదటి మెట్టు మందు షాపులో లేదు, రెండో మెట్టు ఎక్కాలంటే మొదటిది వాడి ఉండాలి. అయినా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అక్కడ గొడవంతా ఎప్పుడిస్తారు, దేని తరవాత ఇస్తారు అన్న దాని మీద. అసలు మాత్ర బీమా పరిధిలోదేనా అన్న అనుమానం ఎవరికీ లేదు.

ఇక్కడ: అడ్డం లేదు, బీమా కూడా లేదు

ఇప్పుడు మనూరికొద్దాం. ఇక్కడ వరుస తలకిందులు. స్టిమ్యులెంట్ దొరకడమే కష్టం. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పట్టికలో ఉంది, మందుల నియమాల్లో షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. అమ్మాలంటే షాపుకి ప్రత్యేకమైన లైసెన్సు కావాలి, చీటీ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాడు రెండేళ్ళు దాచాలి, మందు తాళం వేసి పెట్టాలి. ఇంత తలనొప్పి ఎందుకని చాలా షాపులవాళ్ళు తెప్పించనే తెప్పించరు. యాడరాల్ అయితే మన దేశంలో అమ్మకంలోనే లేదు. అటామోక్సెటీన్‌కి ఇవేవీ లేవు, మామూలు చీటీ చాలు. అమెరికాలో రెండో మెట్టు అయిన మందు మన అత్తాపూర్‌లో చేతికందే మొదటి మెట్టు.

పైగా చవక. దీని వెనక ఇందాకటి పేటెంటు కథ రెండో సగం ఉంది. 1970 పేటెంట్ల చట్టం, 1972లో అమల్లోకి వచ్చింది, మందు మీద పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చెయ్యగలిగితే అమ్ముకోవచ్చు. 1961లో సోవియట్ సాయంతో పెట్టిన ఐడీపీఎల్, హైదరాబాదులో దాని ఫ్యాక్టరీ, అందులో పనిచేసి బయటికొచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు.. మనూరు మందుల ఊరైన కథకి ఈ చట్టమే పునాది. 2005 జనవరి 1 నుంచి మందుల మీద కూడా పేటెంట్లు ఇస్తున్నారు. కానీ అటామోక్సెటీన్ అణువు అప్పటికే ముసలిది. ఇక లిల్లీని అమెరికాలో 2017 దాకా కాపాడిన వాడకం పేటెంటు సంగతంటారా, మన చట్టంలో సెక్షన్ 3(ఐ) ప్రకారం వైద్యం చేసే పద్ధతికి పేటెంటు ఇవ్వరు. కాబట్టి ఇంటాస్ వాళ్ళ యాక్సెప్టా, సన్ ఫార్మా వాళ్ళ అటెంట్రాల్ లాంటి స్వదేశీ బ్రాండ్లు దొరుకుతున్నాయి.

చవక అంటే ఎవరికి చవక అన్నది కూడా చూడాలి. నాకైతే ఆ డబ్బు లెక్కలోకి రాదు. మా బావ శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. వాళ్ళింట్లో నెల నెలా మందు, రెండు మూడు నెలలకోసారి డాక్టరు ఫీజు, వారం వారం థెరపీ, ఇవన్నీ కలిపితే ఇంటద్దెతో పోటీ పడతాయి. ముందు మానేసింది థెరపీ. ఆ తరవాత ఒకసారి నెలాఖరులో మా అక్క రోజు విడిచి రోజు మాత్ర వేస్తోందని తెలిసింది. డాక్టరు చెప్పింది కాదు, జీతం వచ్చేదాకా సర్దడం. వారాల తరబడి వాడితే గానీ పనిచెయ్యని మందు అది. అలా సర్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ నెల స్కూలు నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది.

మన బీమాకి మంచం ఎక్కడినుంచి వచ్చింది

1973 జనవరి నుంచి మన దేశంలో సాధారణ బీమా అంతా ప్రభుత్వానిది, జీఐసీ, దాని కింద నాలుగు కంపెనీలు. 1986లో అవి మెడిక్లెయిమ్ అనే పాలసీ తెచ్చాయి. మనం ఇవ్వాళ హెల్త్ ఇన్సూరెన్స్ అంటున్న దానికి తాత అది. దాని నడుం ఒక్కటే: ఆస్పత్రిలో చేరాలి, కనీసం 24 గంటలు ఉండాలి. చేరే ముందు 30 రోజుల ఖర్చు, వచ్చాక 60 రోజుల ఖర్చు కూడా ఇస్తారు, కానీ మధ్యలో మంచం ఉండి తీరాలి. తరవాత ప్రైవేటు కంపెనీలొచ్చాయి, డే కేర్ అని కొన్ని ఆపరేషన్లకి ఆ 24 గంటలు సడలించారు, క్యాష్‌లెస్ వచ్చింది. నడుం మాత్రం మారలేదు. 2007లో మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ చూడండి, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ చూడండి, అవి కూడా ఆస్పత్రి ప్యాకేజీల చుట్టూ అల్లినవే.

మానసిక వ్యాధులైతే చాలా పాలసీల్లో మినహాయింపుల పట్టికలోనే ఉండేవి. మంచం ఎక్కినా ఇచ్చేవాళ్ళు కాదు. దాన్ని మార్చింది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29న అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 21(4) చెప్పేది ఇది: శరీర వ్యాధులకి ఏ ప్రాతిపదికన బీమా ఇస్తున్నారో, మానసిక వ్యాధులకి కూడా అదే ప్రాతిపదికన ఇవ్వాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టు 16న కంపెనీలకి ఆ మాట గుర్తుచేస్తూ ఆదేశం పంపింది. 2019 సెప్టెంబరు 27న ఇంకాస్త గట్టి మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక వ్యాధులని పాలసీ నుంచి మినహాయించడానికి వీల్లేదంది. ప్రవర్తనకీ, నరాల ఎదుగుదలకీ సంబంధించిన సమస్యలని కూడా అదే జాబితాలో రాసింది. ఏడీహెచ్‌డీ వచ్చేది సరిగ్గా ఆ గూటిలోకే.

అయినా కంపెనీలు సాగదీశాయి. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు నోటీసులిచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, చట్టం అమల్లోకొచ్చిన రోజు నుంచే మానసిక వ్యాధులకి బీమా ఇచ్చి తీరాలని, కంపెనీ తన పాలసీలో మినహాయింపు రాసుకున్నాను అంటే కుదరదని తీర్పిచ్చింది. 2022 అక్టోబరు 18న ఐఆర్‌డీఏఐ మళ్ళీ, ఆ నెలాఖరుకల్లా అన్ని పాలసీలూ దారికి రావాలని చెప్పింది.

ఇంత జరిగాక మా వాడి మందుకి డబ్బులు రావాలిగా? మా బావ బిల్లులన్నీ జతచేసి పంపాడు. కంపెనీ పేరు అనవసరం, ఏ కంపెనీ అయినా అదే చెప్పేది. వచ్చిన జవాబులో ఏడీహెచ్‌డీ ఊసు లేదు, మానసిక వ్యాధి ఊసు లేదు. ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి క్లెయిము వర్తించదు, అంతే.

నాకు కోపం వచ్చింది గానీ, చట్టం మళ్ళీ చదివితే వాళ్ళ జవాబు చట్టం ప్రకారమే ఉంది. అదే ప్రాతిపదిక అన్నారు కదా. మా అమ్మ షుగరు మాత్రలకి ఇస్తున్నారా? మా నాన్న బీపీ మాత్రలకి ఇస్తున్నారా? లేదు. కాబట్టి వీడి మాత్రకీ ఇవ్వరు. సున్నాకి సున్నా సమానమే. పోరాడి, కోర్టులకెక్కి సాధించుకున్న సమానత్వం ఈ ఇంటికి వచ్చేసరికి సున్నా అయింది.

పైకి సమానంగా కనబడుతున్నా ఇది నిజంగా సమానం కూడా కాదు. గుండె జబ్బుకి మాత్రలూ ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు ఆస్పత్రీ ఉంటుంది. ఆ ఆస్పత్రి రోజున బీమా పనికొస్తుంది. ఏడీహెచ్‌డీకి ఆ రోజే ఉండదు. దాని వైద్యమంతా డాక్టరు గదిలో, థెరపీ గదిలో, ఇంట్లో టిఫిన్ ప్లేటు పక్కన జరుగుతుంది. మంచం చుట్టూ కట్టిన బీమాలో, మంచం అక్కర్లేని జబ్బుకి చోటు ఇచ్చినట్టు కాగితం మీద రాస్తే లాభమేంటి?

మనకి చేతకాదా అంటే

ఓపీ మందులకి బీమా మన దేశంలో కుదరని పని అనుకుంటే పొరపాటు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఈఎస్‌ఐ కింద కార్మికుడికీ కుటుంబానికీ ఓపీ, మందులు ఉన్నాయి. మా బావ ఈఎస్‌ఐలో ఉన్నన్నాళ్ళూ వీడి మందు దానికిందే వచ్చింది. 2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ జీతం పరిమితి 21,000 రూపాయలు. బావ జీతం పెరిగి ఆ గీత దాటింది, ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ విడత చందా కాలం అయిపోగానే ఈఎస్‌ఐ పోయి గ్రూప్ మెడిక్లెయిమ్ వచ్చింది. ప్లాస్టిక్ కార్డు, క్యాష్‌లెస్, పెద్ద పెద్ద ఆస్పత్రుల జాబితా. మందు మాత్రం జేబులోంచి. జీతం పెరిగి బీమా తగ్గడం ఇదేనేమో.

ఇంకోటి నిరామయ. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నడిచే పథకం, లక్ష రూపాయల దాకా, ఓపీ, మందులు, థెరపీ కూడా ఇస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటి నాలుగు రకాల వైకల్యాలకి మాత్రమే. ఏడీహెచ్‌డీ అందులో లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాల పట్టిక ఉంది. ఆటిజం ఉంది, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు అందులోనూ లేదు. వైకల్యం అనడానికి సరిపోడు, ఆస్పత్రిలో చేర్చడానికి సరిపోడు. మా వాడి లాంటివాళ్ళు ఈ రెండు గీతల మధ్య సందులో ఉన్నారు.

బీమా కంపెనీల వాదన కూడా చెప్పాలి. బీమా అన్నది అరుదుగా వచ్చే పెద్ద నష్టానికి, నెలనెలా వచ్చే చిన్న ఖర్చుకి కాదు అంటారు. ఓపీ బిల్లులు దొంగవి పెట్టడం తేలిక, ప్రీమియం పెరుగుతుంది అంటారు. మొదటిది నిజమే కానీ, పదేళ్ళపాటు వాడాల్సిన మందు, థెరపీ కలిపితే చిన్న ఖర్చు కాదు. రెండోదానికి ఒక సాఫ్ట్‌వేర్ వాడిగా నా దగ్గర జవాబుంది. దొంగ బిల్లుని ఆపేది అమ్మకం జరిగే క్షణంలో జరిగే తనిఖీ. ఆ తనిఖీ వ్యవస్థని అమెరికా వాళ్ళకి రాసి నడిపిస్తున్నది మనూరి వాళ్ళం కూడా. పానీపూరి బండి మీద క్యూఆర్ కోడు పెట్టిన దేశం మెడికల్ షాపు కౌంటర్లో పెట్టలేదా? బీమా క్లెయిములు డిజిటల్‌గా ఇచ్చిపుచ్చుకోవడానికి జాతీయ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ ఇప్పటికే తయారైంది కూడా.

కొన్ని పాలసీల్లో ఓపీ అదనంగా కొనుక్కోవచ్చు, పెద్ద కంపెనీల గ్రూప్ పాలసీల్లో కొంత మొత్తం ఇస్తున్నారు, నాకూ ఉంది. అవసరం ఎక్కువున్నవాడికి లేదు, అదీ బాధ. నేను అడిగేది పెద్ద విప్లవమేం కాదు. ఏళ్ళ తరబడి వాడాల్సిన జబ్బులకి, షుగరు, బీపీ, ఫిట్సు, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ, దేనికైనా సరే, జెనరిక్ మందుకీ డాక్టరు ఫీజుకీ ఒక పరిమితిలో ఓపీ లాభం ప్రతి గ్రూప్ పాలసీలో కనీసంగా ఉండాలని ఐఆర్‌డీఏఐ చెప్పాలి. అప్పుడు అదే ప్రాతిపదిక అన్న మాటకి అర్థం వస్తుంది. ఆ సంస్థ ఆఫీసు 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకే వచ్చింది, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. ట్రాఫిక్ లేకపోతే మా అత్తాపూర్ నుంచి ముప్పావుగంట.

ఇంకోటి కూడా చెప్పాలి. ఓపీ బీమా ఇక్కడికొస్తే దానితోపాటు 75, 608 కూడా వస్తాయి. ముందు చవకది వాడండి అంటారు, అనుమతి తీసుకోండి అంటారు. ఆ ముళ్ళన్నీ నాకు తెలుసు, రోజూ వాటితోనే పని. అందుకే అమెరికా 2008లో నేర్చుకున్న పాఠం మనం మొదట్లోనే రాసుకోవాలి. డాక్టరు మినహాయింపు అడిగితే ఇన్ని రోజుల్లో జవాబివ్వాలి, శరీర వ్యాధికి లేని మెట్టు మానసిక వ్యాధికి పెట్టకూడదు అని. 608 వస్తే కనీసం పోట్లాడటానికి ఎదురుగా ఒక జవాబుంటుంది. ఇప్పుడు మా అక్కకి ఆ అవకాశం కూడా లేదు, ఆవిడ బిల్లు ఏ సర్వరుకీ చేరట్లేదు.

మీ గ్రూప్ పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. ఓపీ అన్న మాట ఉందో లేదో, ఉంటే మానసిక వైద్యానికి వర్తిస్తుందో లేదో. లేకపోతే మీ హెచ్ఆర్ వాళ్ళని వచ్చే రెన్యువల్‌కి అడగండి. అడిగేవాళ్ళు లేకపోతే ఇది 1986లోనే ఉండిపోతుంది.